ఫ్రమ్ టెన్ ఇయర్స్

పోయిన వారం రాత్రి పడుకోబోతుంటే ఫోన్లో మెసేజ్ వచ్చింది, కొత్త నంబరు. "గుడ్ ఈవినింగ్ మేడం, యువర్ ఓల్డ్ స్టూడెంట్. నౌ ఐ యామ్ సూపర్‌వైజర్. ఐ యామ్ వర్కింగ్ హియర్ ఫ్రమ్ టెన్ ఇయర్స్." ఎవరా అని ఆలోచించక్కర్లేకపోయింది, ఆ 'ఫ్రమ్' చూడగానే మనిషి గుర్తొచ్చేశాడు. ఆ ఒక్క మాట మార్పించడానికి ఎన్ని సుద్దముక్కలు అరగదీశానో నాకే తెలుసు. పరీక్ష పెడితే 'ఫర్' అని కరెక్టుగా రాసేవాడు, నోరు తెరిస్తే మళ్ళీ 'ఫ్రమ్'. ఇన్నేళ్ళయినా అది చెక్కుచెదరకుండా అలాగే ఉంది. కోపం రాలేదు, ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటికి వెళ్తే గోడ మీద మన చేతిరాత ఇంకా కనిపించినట్టు అనిపించింది.

ఇక నిద్రేం పడుతుంది, పాత బ్యాచులన్నీ ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది.

నేను ఇంగ్లిష్ చెప్పడం మొదలుపెట్టినప్పుడు నాకున్న ఆస్తల్లా ఒక చార్టు. పన్నెండు గళ్ళ టెన్సుల చార్టు, పైన ప్రెజెంట్ పాస్ట్ ఫ్యూచర్, పక్కన సింపుల్ దగ్గర్నుంచి పర్ఫెక్ట్ కంటిన్యువస్ దాకా, మూడు రంగుల స్కెచ్ పెన్నులతో రాత్రంతా కూర్చుని రాసుకున్నది. (భాషాశాస్త్రం చదివినవాళ్ళేమో ఇంగ్లిష్ క్రియకి రూపంలో కనిపించే టెన్సులు రెండే, ఒకటి పాస్టు, ఇంకోటి పాస్టు కానిది, ఫ్యూచర్ అనేది 'విల్' లాంటి మాటల్ని పక్కన పెట్టుకుని నడిపించేదే అంటారు, ఆ సంగతి నాకు తెలిసేసరికి చార్టు ఎలాగూ చిరిగిపోయింది.) ఆ చార్టు చేత్తో పట్టుకుంటే ఏ బ్యాచ్‌కైనా వెళ్ళిపోవచ్చని నా ధీమా. గ్రామర్ ఒకటే కదా, బిగినర్స్‌కి మెల్లగా చెప్పాలి, అడ్వాన్స్‌డ్ వాళ్ళకి స్పీడుగా చెప్పాలి, అంతే తేడా అనుకునేదాన్ని. నిజంగా అంతే అనుకునేదాన్ని.

మొదటి బిగినర్స్ క్లాసు. పదిహేను మంది దాకా ఉన్నారు, అందరూ పెద్దవాళ్ళే, పనులు చేసుకుని సాయంత్రం వచ్చేవాళ్ళు. గంటన్నర సేపు సింపుల్ ప్రెజెంట్ చెప్పాను. ఫస్ట్ పర్సన్, సెకండ్ పర్సన్, థర్డ్ పర్సన్ సింగ్యులర్, పాజిటివ్, నెగెటివ్, క్వశ్చన్, 'డు' ఎక్కడ వస్తుంది 'డజ్' ఎక్కడ వస్తుంది, అన్నీ. బోర్డు నిండిపోయింది, నోటుబుక్కులు నిండిపోయాయి, అందరూ తలలూపారు. చివర్లో ముందు వరసలో కూర్చున్న పెద్దావిడని, అరవై దగ్గర ఉంటాయి, "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని అడిగాను. ఆవిడ నోటుబుక్కు చూసుకున్నారు, నా వైపు చూశారు, మళ్ళీ నోటుబుక్కు చూసుకున్నారు. గంటన్నర పాఠంలో ఆవిడ పేరు చెప్పుకునే వాక్యం ఒక్కటి కూడా లేదు.

వెనక బెంచీలో మా దగ్గర అందరికంటే సీనియర్ మాస్టారు కూర్చుని విన్నారు ఆ క్లాసు. అందరూ వెళ్ళాక డస్టర్ తీసుకుని బోర్డు ఆయనే తుడుస్తూ, "గ్రామర్ గురించి బాగా చెప్పావమ్మా, గ్రామర్ ఎప్పుడు చెప్తావు?" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వారం రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు కూడా.

తర్వాత మెల్లగా అర్థమైంది, బిగినర్స్‌కి రూల్ వద్దు, వాక్యం కావాలి. వంద సార్లు వాడిన వాక్యం. దానికి పేరు తర్వాతెప్పుడైనా పెట్టుకోవచ్చు. తెలుగులో "ఇది నా బ్యాగు" అంటే సరిపోతుంది, మధ్యలో 'ఉంది' అక్కర్లేదు. అందుకే మనవాళ్ళు "దిస్ మై బ్యాగ్" అంటారు, తెలివి లేక కాదు, తెలుగు లెక్కలో అది పూర్తి వాక్యం కాబట్టి. నేను చేసిన పనేంటంటే క్లాసులో ఉన్న వస్తువులన్నీ ఒక్కొక్కటే పైకెత్తి చూపించి "దిస్ ఈజ్, దట్ ఈజ్" అని పాటలా పాడించడం. రెండు వారాల్లో 'ఈజ్' పట్టుకుంది, బ్రహ్మాండం అనుకున్నా. మూడో వారం 'గో' అనే మాట నేర్పగానే "షీ ఈజ్ గో", "ఐ యామ్ గో" మొదలయ్యాయి. నేను నేర్పిన 'ఈజ్' కనపడ్డ ప్రతి చోటా అతుక్కుపోయింది. తల పట్టుకుని కూర్చుంటే మాస్టారే మళ్ళీ, "సంతోషించమ్మా, రూల్ కనిపెట్టారు వాళ్ళు. తప్పు రూలే కానీ సొంతంగా కనిపెట్టారు" అన్నారు. చాలా ఏళ్ళ తర్వాత చదివాను, పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లోనే ఇదే మాట రాశాడు, నేర్చుకునేవాళ్ళ తప్పులు చెత్త కాదు, వాళ్ళ బుర్రలో ప్రస్తుతం ఏ రూల్ నడుస్తోందో చూపించే కిటికీలు అని దాని సారాంశం. మా మాస్టారు ఆయన్ని చదివారో లేదో నాకు తెలీదు, అడగలేదు.

ఇంక ఆ 'ఎస్' గోల. షీ గోస్, హీ కమ్స్, ఇట్ వర్క్స్. మొదటి వారంలో నేర్పే పాఠం ఇది, ఏ పుస్తకం తీసినా మొదటి పేజీల్లోనే ఉంటుంది, రూల్ చెప్పడానికి అర నిమిషం చాలు. అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో గడగడా మాట్లాడేవాళ్ళు కూడా ఆవేశంలో ఉన్నప్పుడు "మై బాస్ ఆల్వేస్ టెల్ మీ" అనేస్తారు. మొదట్లో దీన్ని నిర్లక్ష్యం అనుకుని రెడ్ ఇంకుతో గుండ్రంగా చుట్టేసేదాన్ని, ఒక్కోసారి పేజీ మొత్తం మశూచి పోసినట్టు ఉండేది. నాకు విచిత్రంగా అనిపించేది ఏంటంటే, తెలుగులో వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు, వస్తాం, వస్తాయి అని మనిషి మనిషికీ ఒక తోక మార్చి మార్చి చిన్నపిల్లల దగ్గర్నుంచి పొరపాటు లేకుండా చెప్పే జనం, ఇంగ్లిష్‌లో మిగిలి ఉన్న ఆ ఒక్క తోక దగ్గర ఎందుకు జారిపోతున్నారు? పాత ఇంగ్లిష్‌లోనూ అన్నిటికీ తోకలుండేవి, అవన్నీ అరిగిపోయి ఈ ఒక్క 'ఎస్' మిగిలింది. బహుశా అదే కారణమేమో. తెలుగులో తోక తీసేస్తే ఎవరొస్తున్నారో తెలీదు, ఇంగ్లిష్‌లో ఎలాగూ ముందు 'షీ' అని చెప్పేశాం కాబట్టి 'ఎస్' లేకపోయినా ఎవరికీ నష్టం లేదు. నష్టం లేని దాన్ని బుర్ర పట్టించుకోదు.

ఆ రోజుల్లోనే రోజర్ బ్రౌన్ అనే సైకాలజిస్టు 1973లో ప్రచురించిన పరిశోధన గురించి చదివాను. ఇంగ్లిష్ మాతృభాషగా నేర్చుకునే ముగ్గురు పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించి, పద్నాలుగు చిన్న చిన్న వ్యాకరణ ముక్కలు ఏ వరసలో వస్తాయో చూశాడాయన. 'ఇంగ్' అందరికంటే ముందు వచ్చేసింది, మన థర్డ్ పర్సన్ 'ఎస్' బాగా వెనక. ఆ తర్వాత డూలే, బర్ట్ అని ఇద్దరు స్పానిష్ పిల్లల్నీ చైనీస్ పిల్లల్నీ చూసి, రెండో భాషగా నేర్చుకున్నా వరస ఇద్దరికీ ఇంచుమించు ఒకేలా ఉందన్నారు. మాతృభాష ప్రభావం అంత తక్కువేం కాదని తర్వాత వచ్చినవాళ్ళు అభ్యంతరం పెట్టారనుకోండి, ఆర్టికల్స్ లేని భాషల వాళ్ళకి ఆర్టికల్స్ ఇంకా ఆలస్యంగా వస్తాయని. ఏదైతేనేం, అది చదివిన రాత్రి నేను రెడ్ పెన్ను మూసేసి బ్యాగులో పడేశాను. అంత ఆలస్యంగా వచ్చేదాన్ని అన్నిటికంటే ముందు నేర్పి, రాలేదని తిడుతున్నానన్నమాట. పాఠం మానలేదు, చెప్పేదాన్ని, కానీ బిగినర్స్ నోట్లో 'ఎస్' రాకపోతే ఆపడం మానేశాను.

లెవెల్స్ గురించి కూడా ఒక మాట. మా దగ్గర చేరేటప్పుడు ఒక ప్లేస్‌మెంట్ టెస్ట్ ఉండేది, ముప్పై ఖాళీలు పూరించండి టైపు. 2001లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ వాళ్ళు తెచ్చిన ఎ1 నుంచి సి2 వరకు ఆరు మెట్ల లెక్క అప్పటికి అన్ని చోట్లా వాడుకలోకి వచ్చేసింది, మేమూ మార్కుల్ని ఆ మెట్లకి అతికించేవాళ్ళం. అసలు ఆ లెక్కలో "ఈ మనిషి ఏం చేయగలడు" అన్నదే ముఖ్యం, ఎన్ని ఖాళీలు నింపాడని కాదు, మేం దాన్ని పూర్తిగా తలకిందులు చేసేశాం. ఒకసారి ముప్పైకి ఇరవై ఎనిమిది వచ్చిన కుర్రాణ్ణి పై బ్యాచ్‌లో వేశాం, ఆరు వచ్చిన ఒక డ్రైవర్‌ని కింద బ్యాచ్‌లో వేశాం. కుర్రాడు నెల రోజులు నోరు విప్పలేదు, గ్రామర్ పుస్తకం అప్పజెప్పమంటే చెప్తాడు, కిటికీ తీయమని అడగడం రాదు. డ్రైవర్ గారేమో మొదటి రోజే విదేశీ ప్యాసింజర్‌తో జరిగిన గొడవ మొత్తం ఇంగ్లిష్‌లో నటించి చూపించారు, ఒక్క వాక్యంలోనూ గ్రామర్ లేదు, ఒక్క ముక్క అర్థం కాకుండానూ లేదు. ఇద్దర్నీ ఏ మెట్టు మీద నిలబెడతారు చెప్పండి. నేనైతే ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టాను, ఒకరి దగ్గర ఒకరు ఏదో దొంగిలించుకున్నారు.

మధ్య బ్యాచ్ అంటే నాకు ప్రాణం. చాలామంది టీచర్లకి అది బోరు, ఎందుకంటే బిగినర్స్‌లా రోజూ పెరుగుతున్నట్టు కనిపించరు, అడ్వాన్స్‌డ్ వాళ్ళలా కబుర్లు చెప్పరు. నాకు మాత్రం అసలు తెలుగు గురించి నేర్పింది ఆ బ్యాచ్చే. "ఐ విల్ గో టు ఆఫీస్ డైలీ" అని ప్రతి బ్యాచ్‌లోనూ కనీసం సగం మంది అనేవాళ్ళు. డైలీ అంటే అలవాటు కదా, సింపుల్ ప్రెజెంట్ కదా, మొన్నే చెప్పాను కదా అని విసుక్కునేదాన్ని. ఒక రోజు ఒకమ్మాయి, నర్సుగా చేసేది, చాలా నెమ్మదైన పిల్ల, "మేడం, 'రోజూ వస్తాను' అన్నా వస్తానే, 'రేపు వస్తాను' అన్నా వస్తానే కదా, మరి వాళ్ళకి రెండెందుకు?" అంది. నేను బోర్డు దగ్గర అలా నిలబడిపోయాను. పుట్టినప్పట్నుంచీ మాట్లాడుతున్న భాషలో అలవాటుకీ రేపటికీ ఒకటే రూపం అని నాకు అప్పటిదాకా తట్టనే లేదు! ఇన్నాళ్ళూ వాళ్ళు 'విల్' తప్పుగా వాడట్లేదు, 'వస్తాను' ని నిజాయితీగా ఇంగ్లిష్‌లో పెడుతున్నారు.

ఆ రోజు నుంచి పాఠం తిరగేశాను. ముందు తెలుగు వాక్యం బోర్డు మీద రాసి, ఇందులో ఎన్ని అర్థాలు దాక్కున్నాయో చెప్పండి అని అడగడం. "తాళంచెవి పోగొట్టుకున్నాను" అని రాసి, దొరికిందా లేదా అని అడిగితే క్లాసంతా కొట్టుకునేవాళ్ళు. దొరకలేదని కొందరు, ఆ సంగతి వాక్యంలో లేదు కదా అని కొందరు. అదీ అసలు విషయం, తెలుగు వాక్యం ఆ సంగతి చెప్పదు. ఇంగ్లిష్ వాడు "ఐ లాస్ట్ మై కీ" అంటే కథ చెప్తున్నాడు, "ఐ హావ్ లాస్ట్ మై కీ" అంటే ఇప్పుడు తలుపు బయట నిలబడి ఉన్నాడు. తలుపు బయట నిలబడ్డ మనిషి బొమ్మ గీసేదాన్ని, గీత ఒకటి నిన్నటి నుంచి ఇవాళ్టి దాకా లాగి. ఈ బొమ్మ చూశాక "ఐ హావ్ లాస్ట్ ఇట్ యెస్టర్డే" ఎందుకు కుదరదో రూల్ చెప్పకుండానే కొంతమందికి తెలిసిపోయేది, కాలు ఇవాళ్టిలో ఉంచి నిన్న అంటే ఎలా అని. అమెరికన్లు తలుపు బయట నిలబడి కూడా చాలాసార్లు మామూలు పాస్టే వాడేస్తారని కూడా చెప్పాల్సి వచ్చేది, అప్పుడు "అయితే మాకెందుకు మేడం ఈ బాధ, అమెరికా ఇంగ్లిషే నేర్పండి" అని వెనక బెంచీ నుంచి.

ఇక మన 'నుంచి'. "పదేళ్ళ నుంచి పనిచేస్తున్నాను." ఎంత హాయిగా ఉంది చూడండి. 'పనిచేస్తున్నాను' అంటే 'యామ్ వర్కింగ్', 'నుంచి' అంటే 'ఫ్రమ్', ఎక్కడా వంక లేదు. దీన్ని "ఐ హావ్ బీన్ వర్కింగ్ ఫర్ టెన్ ఇయర్స్" చేయాలంటే మూడు చోట్ల కోయాలి. హావ్ బీన్ ఎక్కించాలి, ఫ్రమ్ తీసేయాలి, అందులో మళ్ళీ ఎంతకాలం అయితే ఫర్, ఎప్పట్నుంచి అయితే సిన్స్. తెలుగులో రెండింటికీ 'నుంచి' యే కాబట్టి ఫర్ వచ్చినవాళ్ళకి సిన్స్ పోతుంది, సిన్స్ వచ్చినవాళ్ళకి ఫర్ పోతుంది. మెసేజ్ పెట్టిన మన సూపర్‌వైజర్ గారు ఆ బ్యాచే. ఆయనకి రూల్ నాకంటే బాగా వచ్చు, పక్కవాళ్ళకి కూడా చెప్పేవాడు, "అదిగో ఎంతకాలం అన్నాడు కాబట్టి ఫర్ వెయ్యి" అని. చెప్పి, నా వైపు తిరిగి, "మేడం, ఐ యామ్ టెల్లింగ్ హిమ్ ఫ్రమ్ టెన్ మినిట్స్" అనేవాడు.

దీనికో పేరుంది, ఫాసిలైజేషన్ అంటారు, రాయిలా గట్టిపడిపోవడం. సెలింకర్ అనే ఆయన 1972లో నేర్చుకునేవాళ్ళ భాషని మాతృభాషా కాకుండా ఇంగ్లిషూ కాకుండా మధ్యలో సొంత పద్ధతి ఉన్న భాషగా చూడమని చెప్పినప్పుడు ఈ గట్టిపడే సంగతి కూడా చెప్పాడు. పేరు తెలిసినంత మాత్రాన నాకు ఒరిగిందేం లేదు, డాక్టరు రోగానికి పేరు చెప్పినట్టే ఉంది.

ఇప్పుడు అసలు సిగ్గుపడ్డ కథ చెప్పాలి. బిగినర్స్ నుంచి పై బ్యాచ్ దాకా నాలుగేళ్ళు విడతలు విడతలుగా నా దగ్గరే చదివిన ఒకాయన ఉండేవారు, అకౌంట్స్ పని, ప్రతిదీ రాసుకునే మనిషి. ఒకటే లావుపాటి నోటుబుక్కు, మొదటి రోజు నుంచీ అదే. అడ్వాన్స్‌డ్ క్లాసులో ఒక రోజు "వుడ్ యు లైక్ సమ్ హెల్ప్?" అనే వాక్యం వచ్చింది. ఆయన చెయ్యెత్తి, నోటుబుక్కు వెనక్కి వెనక్కి తిప్పి, "మేడం, ఇదిగో, మీరే చెప్పారు, 'సమ్' పాజిటివ్‌లో, 'ఎనీ' నెగెటివ్‌లోనూ క్వశ్చన్‌లోనూ. ఇది క్వశ్చన్ కదా" అన్నారు. సరే, అవునంటారని ఆశిస్తూ అడిగేటప్పుడు 'సమ్' వాడతాం అని సర్దాను. ఇంకో వారం "ఐ వాంటెడ్ టు ఆస్క్ యు సమ్‌థింగ్", మళ్ళీ నోటుబుక్కు, "పాస్ట్ అంటే అయిపోయింది అన్నారు, ఈయన ఇప్పుడే కదా అడుగుతున్నాడు?" అని. మర్యాద కోసం ఒక అడుగు వెనక్కి వేస్తారు అన్నాను. ఇంకోసారి "ఐ యామ్ థింకింగ్ ఆఫ్ లీవింగ్", థింక్‌కి 'ఇంగ్' రాదని ఇక్కడ రాసుకున్నానే అని. 'థింక్' అభిప్రాయం అయితే రాదు, బుర్రలో ఆ పని నడుస్తూ ఉంటే వస్తుంది అన్నాను. నాలుగోసారి "దట్ విల్ బీ ద పోస్ట్‌మాన్", తలుపు కొట్టాడు, ఇప్పుడే, ఫ్యూచర్ ఎక్కడుంది? అప్పటికి క్లాసంతా నవ్వుతోంది. ఆయన నవ్వలేదు. చాలా మర్యాదగా, "అంటే ఆ రోజు మీరు మాకు అబద్ధం చెప్పారా మేడం?" అన్నారు.

అవును, చెప్పాను. తెలిసి కొన్ని, తెలీక కొన్ని. ఆ మాటే ఆయనతో అన్నాను, మొదటి రోజు ఇవన్నీ చెప్తే రెండో రోజు మీరొచ్చేవారా అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "రాను" అని, నోటుబుక్కులో ఆ పాత పేజీల మీద పెన్సిల్‌తో చిన్నగా 'తాత్కాలికం' అని రాసుకున్నారు. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే తర్వాత బిగినర్స్‌కి ఏ రూల్ చెప్పినా బోర్డు మూల 'తాత్కాలికం' అని రాసేదాన్ని. పిల్లలు కొందరు అదేదో గ్రామర్ పదం అనుకుని నోట్సులో ఎక్కించుకున్నారు కూడా.

అబద్ధంలోనూ మంచివీ చెడ్డవీ ఉన్నాయనుకోండి. "ఎనీ క్వశ్చన్‌లో వస్తుంది" అన్నది పనికొచ్చే అబద్ధం, ఎక్కువ వాక్యాల్లో మనిషిని ఒడ్డుకి చేరుస్తుంది. వాక్యం చివర ప్రిపోజిషన్ ఉండకూడదు అని కూడా నేను మొదట్లో చెప్పేదాన్ని, అది మాత్రం ఎవరికీ పనికిరాని అబద్ధం. 1672లో డ్రైడెన్ అనే కవి తన ముందు తరం వాళ్ళ వాక్యాల్లో తప్పు పట్టినప్పట్నుంచీ ఇది తిరుగుతూనే ఉంది, ఇంగ్లిష్ వాళ్ళు మాత్రం "హూ ఆర్ యు టాకింగ్ టు?" అని హాయిగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. నన్ను చిన్నప్పుడు భయపెట్టారు, నేను ఇంకొకళ్ళని భయపెట్టాను.

అడ్వాన్స్‌డ్ బ్యాచ్ అంటే నాకు మొదట్లో కాళ్ళు వణికేవి. వాళ్ళకి రూల్సన్నీ వచ్చు, అడిగే ప్రశ్నలకే జవాబులుండవు. 'ద' ఎక్కడ పెట్టాలి అన్న ఒక్క ప్రశ్న మీద మూడు క్లాసులు నడిచాయి. ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే మాట అది, తెలుగులో దానికి జోడీ మాటే లేదు. చివరికి నేను రూల్స్ చెప్పడం ఆపేసి, ఒక పేరాలో 'ద' లన్నీ తీసేసి ఇచ్చి పెట్టమన్నాను, ఎక్కడెక్కడ కొట్టుకున్నారో అక్కడే పాఠం. 'నేను దేని గురించి అంటున్నానో వినేవాడికి తెలుసా' అని తమని తాము ప్రశ్నించుకోవడం అలవాటైంది వాళ్ళకి. నాక్కూడా అప్పుడే అలవాటైంది, పైకి చెప్పలేదంతే.

వాళ్ళు తిరిగి నన్ను పరీక్ష పెట్టేవాళ్ళు. "మేడం, 'మీ ఇంట్లో మీరు ఎన్నో సంతానం' ఇంగ్లిష్‌లో అడగండి." ఇంగ్లిష్‌లో 'ఎన్నో' కి మాట లేదు, చుట్టూ తిరిగి అడగాల్సిందే. "మనం, మేము, రెండింటికీ 'వుయ్' అంటే ఎలా మేడం, 'వుయ్ ఆర్ గోయింగ్' అంటే నేను రావాలా వద్దా?" ఇంకొకావిడ, పెద్ద ఉద్యోగమే, 'వస్తాడట' లో ఉన్న 'ట' కావాలంది. "హీ సెడ్ హీ వుడ్ కమ్" అన్నాను. "కాదు మేడం, ఆయన చెప్పలేదు, ఎవరో అన్నారు, నాకు పూచీ లేదు." అపారెంట్లీ అన్నాను. ఆవిడ ఆ మాటని నోట్లో రెండుసార్లు తిప్పి చూసి, "దగ్గరగా ఉంది కానీ ఒక్క అక్షరంలో అయిపోయేదానికి ఇంత పొడుగు మాటా" అని పెదవి విరిచింది. ఆ క్లాసుల్లో నేను ఇంగ్లిష్ ఎంత నేర్పానో కానీ గర్వంగా ఇంటికి వచ్చేదాన్ని, మన భాషలో ఇంత సరుకుందా అని.

ఒక సాయంత్రం మిగతా ఇద్దరు టీచర్లూ రాలేదు. మూడు బ్యాచులూ ఒకే గదిలో, ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నట్టు. చార్టు ఎప్పుడో పోయింది, పాఠం ఏదీ సిద్ధంగా లేదు, బ్యాగులో ఒక బొమ్మ మాత్రం ఉంది. ఖాళీ గది, పగిలిన కిటికీ అద్దం, నేల మీద బంతి, తెరిచి ఉన్న తలుపు. గోడకి అంటించి, ఏం కనిపిస్తుందో చెప్పండి అన్నాను. బిగినర్స్ "దేర్ ఈజ్ ఎ బాల్, దేర్ ఈజ్ ఎ విండో" అని మొదలుపెట్టారు. మధ్యవాళ్ళు "సమ్‌వన్ హాజ్ బ్రోకెన్ ద విండో" అన్నారు, హావ్ కాదు హాజ్, నేను ఏం చెప్పకుండానే. పైవాళ్ళు "దే మస్ట్ హావ్ రన్ అవే" అన్నారు, మేం అలా చేసి ఉండకూడదు అని బంతి వాళ్ళ తరఫున ఉత్తరం కూడా రాశారు. ఒకటే బొమ్మ, ఒకటే గంట, ఎవరి గ్రామర్ వాళ్ళు తెచ్చుకున్నారు. ఇంగ్లిష్ ఎలా నేర్పాలన్న దాని మీద పనిచేసిన ఎన్.ఎస్.ప్రభు గారు 1979 నుంచి 1984 వరకు నడిపిన బెంగళూరు ప్రాజెక్టులో ఇలాగే, గ్రామర్ పాఠంగా చెప్పకుండా పిల్లలకి తేల్చాల్సిన పని ఒకటి ఇచ్చి చూశారని నాకు తర్వాత తెలిసింది, నేను మాత్రం గతిలేక చేశాను.

ఆ రోజు ముందు వరసలో ఆ పెద్దావిడ ఉన్నారు. మొదటి క్లాసులో పేరు చెప్పలేకపోయినావిడ. అందరూ మస్ట్ హావ్ లు, షుడంట్ హావ్ లు మాట్లాడుతుంటే ఆవిడ బొమ్మ దగ్గరికి లేచి వెళ్ళి, తెరిచి ఉన్న తలుపు మీద వేలు పెట్టి, "బాయ్ నో బ్యాడ్. బాయ్ ఫియర్. మదర్ సే కమ్, బాయ్ కమ్" అన్నారు. గదంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత చప్పట్లు. ఆ నాలుగు వాక్యాల్లో క్రియలన్నీ తప్పే, ఒక్క 'ఎస్' లేదు, ఒక్క 'ఈజ్' లేదు, కథ మొత్తం ఉంది. నేను దిద్దలేదు. దిద్దాలని కూడా అనిపించలేదు, కానీ మర్నాడు ఆవిడే వచ్చి "నిన్నటిది కరెక్టుగా రాసివ్వమ్మా, మనవడికి చెప్పాలి" అని అడిగారు. రాసిచ్చాను. 'ద బాయ్ ఈజంట్ బ్యాడ్, హీ ఈజ్ స్కేర్డ్.' ఆ ఒక్క 'ఈజ్' ఆవిడ ఆ తర్వాత ఎప్పుడూ మర్చిపోలేదు. ఎప్పుడు దిద్దాలో ఆవిడ నాకు చెప్పారన్నమాట.

దిద్దడం గురించే ఇంకో సంగతి గుర్తొచ్చింది. మేమందరం చేసే పని ఏంటంటే, విద్యార్థి తప్పు అంటే వెంటనే అదే వాక్యాన్ని కరెక్టుగా మనం అనేయడం, నవ్వుతూ, నొప్పించకుండా. రీకాస్ట్ అంటారు. 1997లో లైస్టర్, రాంటా అనే ఇద్దరు ఫ్రెంచ్ నేర్పే క్లాసుల్ని రికార్డు చేసి లెక్కపెడితే, టీచర్లు దిద్దిన వాటిలో సగానికి పైగా ఈ రీకాస్టులే, పిల్లలు పట్టించుకున్నది మాత్రం వాటినే తక్కువ. టీచరు మెచ్చుకుంటోందనో, ఊ కొడుతోందనో అనుకుని ముందుకెళ్ళిపోతారట. అది చదివాక కొన్నాళ్ళు మానేశాను, మళ్ళీ అలవాటు ప్రకారం మొదలుపెట్టేశాను. నాదీ ఫాసిలైజేషనే.

అన్నట్టు మెసేజ్ సంగతి. అర్ధరాత్రి అయిపోతోంది, జవాబివ్వకుండా పడుకోలేను. దిద్దకూడదు, పదేళ్ళ తర్వాత పలకరించిన మనిషిని దిద్దడం ఏంటి అనుకుంటూనే టైప్ చేశాను, "కంగ్రాచులేషన్స్! సో యు హావ్ బీన్ వర్కింగ్ దేర్ ఫర్ టెన్ ఇయర్స్! ఐ యామ్ సో హ్యాపీ."

రెండు నీలం టిక్కులు పడ్డాయి. టైపింగ్ అని వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. గుండె కాస్త గట్టిగానే కొట్టుకుంది, అబద్ధమెందుకు.

"ఎస్ మేడం," అని వచ్చింది. "ఫ్రమ్ టెన్ ఇయర్స్ ఓన్లీ."